రెండు రూపాయల కాయితం మీద పీణ్యా

పాత పంచాంగం పేజీల మధ్యనో, బీరువాలో పట్టుచీరల అడుగునో ఎప్పుడో ఒకప్పుడు ఒక రెండు రూపాయల కాయితం బయటపడుతుంది. పడితే ముందు తిరగేయండి. సింహాల వైపు అప్పటి నోట్లన్నిటికీ ఉన్నదే, అసలు సంగతంతా వీపు మీద ఉంటుంది. పలకలు పలకలుగా చెక్కిన రత్నంలాంటి వస్తువొకటి కనిపిస్తుంది చూడండి, అదే ఆర్యభట, మన దేశపు మొదటి ఉపగ్రహం. దాన్ని లాంతరు అనుకున్న పిల్లలున్నారు, బంతి అనుకున్న పిల్లలున్నారు. బెంగళూరు పిల్లలకి మాత్రం ఆ అవస్థ ఉండాల్సింది కాదు. అది తయారైంది తుమకూరు రోడ్డు పక్కన పీణ్యాలోనే.

1972లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక పీణ్యా పారిశ్రామికవాడలో కొన్ని షెడ్లు తీసుకుని, శాస్త్రవేత్త యు.ఆర్. రావు ఆధ్వర్యంలో పని మొదలుపెట్టారు. మూడేళ్లలో 360 కిలోల ఉపగ్రహం సిద్ధమైంది. 1975 ఏప్రిల్ 19న సోవియట్ నేల మీది కపుస్తిన్ యార్ నుంచి పైకి వెళ్లింది. ఆ పలకలు అందం కోసం పెట్టినవి కావు. మొత్తం 26 ముఖాలు. పైదీ కిందదీ తప్ప మిగతా అన్నిటి మీదా సౌర ఘటాలు అంటించారు. తిరుగుతున్న వస్తువు మీద ఎప్పుడూ ఏదో ఒక వైపు ఎండ పడాలి కదా, అందుకని ఆ ఆకారం.

తీరా పైకి వెళ్లాక నాలుగైదు రోజులకే కరెంటు సరఫరాలో లోపం వచ్చి ప్రయోగాలు ఆగిపోయాయి. ఉపగ్రహం మాత్రం మూగగా తిరుగుతూనే ఉంది. మరుసటి ఏడాది నోటెక్కింది. 1992 ఫిబ్రవరిలో అసలు ఉపగ్రహం వాతావరణంలోకి జారి కాలిపోయింది. అప్పటికీ బెంగళూరు కె.ఆర్. మార్కెట్లో కొత్తిమీర కట్టలకీ కరివేపాకుకీ ఆర్యభట చేతులు మారుతూనే ఉంది. 1990ల మధ్యలో 1, 2, 5 రూపాయల నోట్ల అచ్చు ఆపి నాణేలకి మళ్లినప్పుడు గానీ దాని పరుగు తగ్గలేదు. నింగిలో నాలుగైదు రోజులు పనిచేసిన యంత్రం, జేబుల్లో ఇరవై ఏళ్లు పనిచేసింది.

బెంగళూరు తెలుగు ఇళ్లలో, ముఖ్యంగా చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్ల ఇళ్లలో, ‘డబ్బు’ అన్న మాట తక్కువ, ‘దుడ్డు’ అన్న మాటే ఎక్కువ. నోటుని నోటు అని కూడా అనరు, కాయితం అంటారు. ‘పది రూపాయల కాయితం ఇచ్చి అంగడికి పంపించినా’ అంటారు. ఆ కాయితాల మీది అంకె చూసి లెక్కపెట్టడం చదువుకున్నవాళ్ల పద్ధతి. అవ్వలకి బొమ్మే గుర్తు. పులి కాయితం, నెమళ్ల కాయితం, ట్రాక్టరు కాయితం. రెండు రూపాయల వీపు మీద ఆర్యభట రాకముందు ఉన్నది పులే. అందుకని ఉపగ్రహం వచ్చిన చాలా కాలానికి కూడా కొన్ని ఇళ్లలో రెండు రూపాయలంటే పులే.

బొమ్మలన్నీ ఒకేచోట చూడాలంటే పెళ్లి చదివింపులు చూడాలి. నూటపదహార్లు అంటే ఊరికే ఒక మొత్తం కాదు, 1980లలో అది నాలుగు బొమ్మల కట్ట. వంద కాయితం మీద ఆనకట్ట, పది మీద నెమళ్లు, ఐదు మీద పొలం దున్నుతున్న ట్రాక్టరు, ఒకటి మీద సముద్రంలో కాళ్లు పాతుకుని నిలబడ్డ నూనె బావి వేదిక. ఆ వేదిక పేరు సాగర్ సమ్రాట్. 1974లో బొంబాయి హైలో చమురు కనిపెట్టింది అదే. నీళ్లు, పక్షులు, సేద్యం, చమురు. పురోహితుడు మైకులో ‘నూటపదహార్లు’ అని చదివేది ఈ నాలుగింటినీ కలిపే. ఇప్పుడు కవరు మీద రూపాయి బిళ్ల అంటించి అమ్ముతున్నారు గానీ, అప్పట్లో శకునానికి కలిపే ఆ ఒక్క రూపాయి కూడా కాయితమే. దానికోసం కరకరలాడే కొత్త రూపాయి నోట్ల కట్టని పెళ్లికి నెల ముందునుంచే తెలిసినవాళ్ల ద్వారా బ్యాంకులో చెప్పి ఉంచేవాళ్లు.

ఆ రూపాయి కాయితం మిగతావాటి తోబుట్టువు కాదు. మిగతావన్నీ రిజర్వు బ్యాంకువి. రూపాయి భారత ప్రభుత్వానిది. అందుకే దాని మీద గవర్నరు సంతకం ఉండదు, ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. ‘తెచ్చినవారికి ఇన్ని రూపాయలు చెల్లిస్తాను’ అన్న మాట కూడా ఉండదు. ఇంకొకరికి చెల్లిస్తానని మాట ఇవ్వడానికి అది నోటు కాదు, కాగితం మీద అచ్చయిన నాణెం లాంటిది. నాణెం బొమ్మ కూడా దాని మీదే ఉంటుంది. నాణేనికి సంవత్సరం ఉన్నట్టు దానికీ సంవత్సరం ఉంటుంది. మన్మోహన్ సింగ్ సంతకం రెండు చోట్లా దొరుకుతుంది. ఆర్థిక కార్యదర్శిగా 1970ల చివరి రూపాయి నోట్ల మీద ఒకసారి, 1982-85 మధ్య గవర్నరుగా మిగతా నోట్ల మీద ఇంకోసారి. పాత కాయితాలు పోగేసేవాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకోవడం ఇష్టపడతారు. ఖర్చు తక్కువ, ముచ్చట ఎక్కువ. రూపాయి నోటు అచ్చు 1994లో ఆగి 2015లో మళ్లీ మొదలైంది గానీ, ఈ కొత్తది చేతికి అందేది చాలా అరుదు.

మిగతా వీపుల గురించి త్వరగా చెప్పుకోవచ్చు. 20 కాయితం 1972లో వచ్చింది, తర్వాత దాని మీద కోణార్క్ చక్రం ఎక్కింది. పది మీద నెమళ్లకంటే ముందు తెరచాప పడవ తిరిగింది. వెనకటి వెయ్యి మీద తంజావూరు పెద్దగుడి, ఐదువేల మీద గేట్‌వే ఆఫ్ ఇండియా ఉండేవి. ఆ పెద్ద నోట్లు 1978 జనవరిలో రద్దయ్యాయి కాబట్టి మామూలు ఇళ్లలో చూసినవాళ్లు లేరు. 50 దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. 1975లో వచ్చిన 50 కాయితం మీద పార్లమెంటు భవనం ఉంటుంది. మొదటి అచ్చుల్లో భవనం మీద జెండా కర్ర ఉంది, జెండా లేదు. ఆ తర్వాతి అచ్చుల్లో జెండా వచ్చి చేరింది. మామూలు కంటికి ఇది చీమ తలంత తేడా. భూతద్దం పెడితే ఠక్కున తెలుస్తుంది. ‘జెండా లేని యాభై’ అని బెంగళూరు అవెన్యూ రోడ్డులో అడిగితే, అడిగినవాడికి సంగతి తెలుసని అమ్మేవాడికి అర్థమవుతుంది, ధర కూడా తిన్నగా చెబుతాడు.

ఇక నోటు విలువని రకరకాల భాషల్లో రాసే పట్టీ. బెంగళూరు తెలుగువాళ్లకి నోటు మీద అన్నిటికంటే దగ్గరది ఇదేనని నా అభిప్రాయం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడ అక్షరాలు దిద్దే పిల్లలకి, రెండు లిపులూ పక్కపక్కన ఊరికే దొరికే పుస్తకం నోటు వీపే. మహాత్మా గాంధీ సిరీస్ నోట్లలో పట్టీలో 15 భాషలుంటాయి, ఇంగ్లీషు అక్షరక్రమంలో ఒకదాని కింద ఒకటి. అస్సామీ, బెంగాలీ, గుజరాతీ తర్వాత నాలుగోది కన్నడ. కింది నుంచి రెండోది, ఉర్దూకి పైన, తెలుగు. తెలుగు మీద తమిళం. పాత నోట్లలో 13 భాషలే ఉండేవి. 1992లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో కొంకణి, మణిపురి, నేపాలీ చేరాక, వాటిలో కొంకణి, నేపాలీ పట్టీలోకి వచ్చాయి, మణిపురి రాలేదు. పట్టీలో ఎన్ని భాషలున్నాయో లెక్కపెడితే ఆ నోటు ఏ తరానిదో సగం తెలిసిపోతుంది.

పది కాయితం తీసుకుని నాలుగో వరసనీ కింది నుంచి రెండో వరసనీ చూడండి. కన్నడంలో హత్తు రూపాయిగళు, తెలుగులో పది రూపాయలు. అంకె మాట వేరు. ‘రూపాయ’ దాకా మాత్రం రెండూ అచ్చం అప్పాచెల్లెళ్లు. తేడా అంతా తల దగ్గరే ఉంది. తెలుగు తలకట్టు టిక్కు పెట్టినట్టు కింది నుంచి పైకి లేస్తుంది. కన్నడ తలకట్టు అడ్డంగా పడుకుని చివర కొద్దిగా వంగుతుంది. ఈ ఒక్క కిటుకు పట్టుకుంటే మెజెస్టిక్ బస్టాండులో బస్సు బోర్డులు చదవడానికి వారం రోజులు చాలు. అచ్చు పాతబడి, మడతలు పడి, చెమట పట్టిన నోటు మీద ముందు మసకబారేవి కూడా ఈ సన్నని తలకట్లే. అప్పుడు రెండు వరసల్లో ఏది ఏదో చెప్పాలంటే ‘గళు’ కోసం వెతకాలి.

సంతకాల సంగతికి వస్తే, 2005కి ముందు రూపాయి నోటు తప్ప మిగతా నోట్ల మీద అచ్చయిన సంవత్సరం ఉండేది కాదు. కాబట్టి కాలం తేల్చాలంటే సంతకమే ఆధారం. ఆర్యభట కాయితం మీద ఐ.జి. పటేల్ సంతకం ఉంటే అది 1977-82 మధ్యది, మన్మోహన్ సింగ్ అయితే 1982-85, ఆర్.ఎన్. మల్హోత్రా అయితే 1985-90. ఆ తర్వాత రెండేళ్లు ఎస్. వెంకిటరమణన్, 1992 నుంచి 1997 దాకా సి. రంగరాజన్. రంగరాజన్ పేరు తెలుగువాళ్లకి ఇంకో రకంగా కూడా తెలుసు, ఆ వెంటనే ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు కదా. సంతకంతో పాటు నంబరు ఉన్నచోట వెనక మసగ్గా ఒక పెద్ద ఇంగ్లీషు అక్షరం ఉందేమో చూడాలి. దాన్ని ఇన్‌సెట్ అంటారు. ఒకే సంతకంలో అక్షరం లేనిదీ, ఎ ఉన్నదీ, బి ఉన్నదీ వేరువేరు రకాలు. సేకరించేవాళ్లు ఒక్కో సంతకానికి ఒక్కో అక్షరం చొప్పున పేజీ నింపుతారు. ఒక అక్షరం మాత్రం ఎంత వెతికినా దొరకదు, అక్కడే ఈ పిచ్చి మొదలవుతుంది.

తెలుగువాళ్లు చెప్పుకోవాల్సిన సంతకాల పేజీ వేరే ఉంది. 2003 సెప్టెంబరు నుంచి 2008 సెప్టెంబరు దాకా వై.వి. రెడ్డి, అక్కడి నుంచి 2013 సెప్టెంబరు దాకా దువ్వూరి సుబ్బారావు. వరసగా పదేళ్లు రిజర్వు బ్యాంకు గవర్నర్లు ఇద్దరూ తెలుగువాళ్లే. నోటు వెనక సంవత్సరం అచ్చువేయడం రెడ్డి గారి కాలంలో మొదలైంది. ₹ గుర్తు నోటెక్కింది సుబ్బారావు గారి కాలంలో. ఆ గుర్తుని 2010 జులైలో ఆమోదించారు. కాబట్టి సుబ్బారావు సంతకంలోనే గుర్తు లేని నోట్లూ గుర్తు ఉన్న నోట్లూ రెండూ ఉంటాయి. ఒకే ఏడాది, ఒకే సంతకం, ఒకదానికి గుర్తుంది, ఇంకోదానికి లేదు. అలాంటి జత దొరికితే ఖర్చుపెట్టకుండా పక్కన పెట్టండి. ఇప్పుడే ధర రాదు గానీ పేజీ నిండుగా ఉంటుంది.

కాయితం ఎలా బతికిందో దాని ఒళ్లే చెబుతుంది. నోటు కాగితం చెట్టు గుజ్జుతో చేసింది కాదు, నూటికి నూరు పాళ్లు పత్తి పీచు. అందుకే తడిసినా కాగితంలా చీలికలు కాదు, గుడ్డలా మెత్తబడుతుంది. పొడుగునా మధ్యలో ఒకే ఒక లోతైన మడత ఉంటే అది బస్సు కండక్టరు చేతిలో తిరిగిన కాయితం. నోట్లని నిలువుగా మడిచి, ఒక్కో రకాన్ని ఒక్కో వేళ్ల సందులో ఇరికించుకుంటారు కదా, ఆ మడత. అడ్డంగా మూడు మడతలుంటే అది చీర కొంగు ముడిలోదో, రవికె చాటు పర్సులోదో. అంచులు నల్లబడి మధ్యలో తేటగా ఉంటే గల్లాపెట్టెలో కట్టగా కూర్చున్నది. పసుపు మరక హారతి పళ్లెంలోది. ఆ మరక దేనికీ పోదు, పోగొట్టే ప్రయత్నం కూడా చేయకండి.

పిన్ను రంధ్రాలు అన్నిటికంటే పెద్ద కంటకం. వంద కాయితాల కట్టని దబ్బనంలాంటి పిన్నుతో కుట్టి ఇచ్చే రోజులవి. కట్ట విప్పాలంటే మేనేజరు దగ్గర నుంచి ఆఫీసు బంట్రోతు దాకా అందరూ బల్ల అంచుకి ఆనించి పెరకడమే. ఆ దెబ్బకి వాటర్‌మార్క్ ఉండే తెల్లజాగాలో రెండు రంధ్రాలు, కొన్నిసార్లు ఒక చీలిక. దానికి తోడు అదే తెల్లజాగాలో బాల్‌పెన్నుతో లెక్కలు. అశోక స్తంభం తలని వెలుతురుకి పట్టి చూసుకోవాల్సిన చోట ‘48 + 2’ అని ఉంటుంది. 2001లో రిజర్వు బ్యాంకు పిన్నులు కొట్టొద్దని బ్యాంకులకి ఆదేశించాక కాగితపు పట్టీలొచ్చాయి. అందుకే 1980ల రెండు రూపాయల నోటు రంధ్రం లేకుండా దొరకడం అసలు కష్టం. రంధ్రం ఉన్నంత మాత్రాన పారేయక్కర్లేదు, కానీ ధర చెప్పేటప్పుడు ‘పిన్ను లేదు’ అన్న మాటకి బరువుంటుంది.

ఇప్పటికీ పిన్ను గుచ్చుకునే ఉన్న పాత కట్ట దొరికితే గోటితో పెరకకండి. కట్టని బోర్లా తిప్పి, పిన్ను కొసల కింద ఒక పల్చని ప్లాస్టిక్ కార్డు దూర్చి, కార్డు మీద సన్నని కత్తి మొనతో ఆ కొసల్ని నిటారుగా లేపండి. తర్వాత కట్టని తిరగేసి, తలవైపు నుంచి రెండు పక్కలా కొద్దికొద్దిగా సమంగా లాగండి. తుప్పు పట్టి కాగితానికి అంటుకుంటే నూనె వేయాలనిపిస్తుంది, వేయొద్దు. నూనె మరక పత్తి పీచులో పాకి తుప్పు మరకకంటే పెద్దదవుతుంది. పై నోటూ అడుగు నోటూ పోయినా పర్లేదనుకుని మధ్యవి కాపాడుకోవాలి.

నోటు శుభ్రం చేయడం అన్న ఆలోచనే చెడ్డది. సబ్బు నీళ్లలో ఉతికితే మురికి కొంత పోతుంది. దాంతోపాటు కాగితం మీది జిగురు పూత కూడా పోతుంది. కొత్త నోటు చెవి దగ్గర ఆడిస్తే పటపటమనే శబ్దం ఆ పూతది. ఉతికిన నోటు ఎంత తెల్లగా ఉన్నా చప్పుడు చేయదు, పాత జేబురుమాలులా వేలాడుతుంది. ఇస్త్రీ ఇంకా దారుణం. నోటు మీద ముఖ్యమైన బొమ్మలు ఇంటాగ్లియో పద్ధతిలో అచ్చవుతాయి. రాగిరేకు మీద చెక్కినట్టు లోతు గీతల్లో సిరా నింపి, గట్టి ఒత్తిడితో కాగితాన్ని అందులోకి నొక్కుతారు. సిరా ఉబ్బెత్తుగా పైకి తేలుతుంది. గోరు ఆడిస్తే గరగరలాడేది అదే. ఇస్త్రీ పెట్టె ఆ ఉబ్బుని చదును చేసి, నోటుకి దొంగ మెరుపు తెస్తుంది. పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద ఏటవాలు వెలుతురులో చూస్తే నీడలు పడవు. అమ్మేవాడు ‘ఫ్రెష్ సార్’ అన్నా చేయి వెనక్కి తీసుకోవాల్సిందే. మడత కూడా అలా చూస్తేనే తెలుస్తుంది, నేరుగా చూస్తే కాదు. ఇస్త్రీతో మడత గీత పోతుందేమో గానీ, అక్కడ విరిగిన సిరా మళ్లీ అతుక్కోదు.

లామినేషన్ గురించి చెప్పాలంటే మనసొప్పదు. ఎన్ని రూపాయి కాయితాలు దేవుడి గదుల్లో ప్లాస్టిక్‌లో శాశ్వతంగా సమాధి అయ్యాయో. వేడికి కరిగిన జిగురు పీచులోకి దిగిపోతుంది, ఇంక తీయడం కుదరదు. సెల్లో టేపు కూడా అంతే. పదేళ్లకి జిగురు పసుపు గోధుమ రంగుకి తిరిగి, టేపు ఊడిపోయి, మరక మిగులుతుంది. చిరుగు ఉన్న నోటుని చిరుగుతోనే ఉంచండి. పెన్సిలు రాతని రబ్బరుతో చెరిపినా కింద సన్న గీతల రంగు పోతుంది.

దాచడానికి మెత్తటి పీవీసీ కవర్ల ఆల్బములు చౌకగా దొరుకుతాయి, అందంగా కూడా ఉంటాయి. నాలుగేళ్లకి ఆ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే నూనె బయటికొచ్చి నోటుకి జిడ్డులా అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ కవర్లు గానీ పాలిస్టర్ కవర్లు గానీ తీసుకోండి, కొంచెం బిగుసుగా, చప్పుడు చేసేలా ఉంటాయి. వాసన పెట్టి చూడండి, కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే పీవీసీ. బెంగళూరులో ఎండ బాధ తక్కువే, కానీ జూన్ నుంచి అక్టోబరు దాకా చెమ్మ ఉంటుంది. అటక మీదా, బయటి గోడని ఆనుకున్న బీరువాలోనూ పెట్టకండి. నోటు మీది జిగురు పూత అంటే వెండి పురుగుకి పండగ. నాఫ్తలీన్ ఉండలు వేస్తే వేయండి గానీ కవర్లకి తగలనివ్వొద్దు.

ఇంకో సంగతి. ‘మీ దగ్గర ట్రాక్టరు ఐదు ఉందా, లక్షలు పలుకుతుంది’ అన్న ప్రకటనలు ఫోన్లలో తిరుగుతుంటాయి. నోటు కొంటామని చెప్పి ముందుగా కమీషను, పన్ను అంటూ దుడ్డు లాగడం వాటి పని. రిజర్వు బ్యాంకే తన పేరుతో ఇలా అడిగేవాళ్లని నమ్మొద్దని 2021లో హెచ్చరించింది. మామూలుగా వాడిన ట్రాక్టరు ఐదుకి ఎవరూ లక్షలివ్వరు. అవెన్యూ రోడ్డులో ఒక చేటలో గుట్టగా పోసి ఉంటాయి.

1996లో గాంధీ బొమ్మ నోట్లు సిరీస్‌గా మొదలయ్యాయి. అంతకుముందు 1969లో శతజయంతికి వచ్చినవీ, 1987 అక్టోబరులో వచ్చిన 500 కాయితం మీదిదీ తప్పిస్తే సింహాలదే రాజ్యం. వాటర్‌మార్క్‌లో కూడా స్తంభం పోయి గాంధీ వచ్చాడు. అదే ఏడాది మైసూరులో కొత్త నోట్ల ముద్రణాలయం పని మొదలుపెట్టింది. దాన్ని నడిపే సంస్థ ప్రధాన కార్యాలయం బెంగళూరులోనే. తర్వాత మైసూరులోనే నోటు కాగితం మిల్లూ, సిరా తయారీ కేంద్రమూ వచ్చాయి. అంటే ఇప్పుడు మన చేతికి వచ్చే కాయితాల్లో చాలావాటికి కావేరి నీళ్ల చుట్టరికం ఉన్నట్టే. ఆ సిరీస్‌లో వీపుల మీద పదికి ఏనుగు, ఖడ్గమృగం, పులి ఒకే గుంపులో వచ్చాయి, వందకి హిమాలయం, ఐదువందలకి దండి యాత్ర. నెమళ్లు పోయినందుకు అవ్వలకి కోపమే. పులి మాత్రం వాళ్లకి పాత చుట్టం.

2016 నవంబరు తర్వాత వచ్చిన కొత్త సిరీస్‌లో కట్టడాలే ఎక్కువ. 20 మీది కోణార్క్ ఇప్పుడు 10కి దిగింది, చక్రం ఒక్కటే కాదు గుడి మొత్తం. మనవాళ్లకి దగ్గరైంది 2017లో వచ్చిన నీలం 50, హంపి రాతి రథం. రాత్రి బెంగళూరులో రైలెక్కితే తెల్లారేసరికి హోసపేట. కృష్ణదేవరాయల రాజధాని నోటెక్కిందని తెలుగువాళ్లూ కన్నడిగులూ ఇద్దరూ మావాడే అనుకున్నారు, ఇద్దరికీ హక్కుంది. నోటు మీద పేరు హంపి అనే ఉంటుంది గానీ రథం ఉన్నది విట్ఠలాలయం ఆవరణలో. అది లాగే రథం కాదు, రథం ఆకారంలో కట్టిన గరుడుడి గుడి.

ఆ వరసలో మొదట వచ్చింది గులాబీ రంగు రెండువేల కాయితం. వీపు మీద మంగళయాన్. 2013 నవంబరు 5న బయల్దేరి 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలోకి చేరింది. దాన్ని తయారుచేసింది బెంగళూరులో. అంత దూరాన ఉన్నదానికి ఆజ్ఞలు పంపిన కేంద్రం ఎక్కడిదనుకున్నారు, మళ్లీ పీణ్యానే. ఆర్యభటని బిగించిన పేటలోనే, నాలుగు దశాబ్దాల తర్వాత. ఈసారి లెక్క తిరగబడింది. ఆర్నెల్లు పనిచేస్తే చాలనుకున్న మంగళయాన్ దాదాపు ఎనిమిదేళ్లు పనిచేసింది. నోటు మాత్రం ఆరున్నరేళ్లకే, 2023 మే 19న, వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటన వచ్చింది.

బెంగళూరులో నోట్లు సేకరించేవాళ్ల ఆల్బముల్లో ఈ రెండింటినీ ఒకే పేజీలో పెట్టడం ఒక వేడుక. మూడు అరలున్న పేజీ తీసుకుని, పై అరలో ఆర్యభట, కింది అరలో మంగళయాన్, వీపులు పైకి. రెండింటి పొడవులూ వేరు. రెండు రూపాయలది 107 మి.మీ., రెండువేలది 166 మి.మీ. పెద్ద నోటు అరలో నిండుగా కూర్చుంటుంది. చిన్నదానికి పక్కన మిగిలే జాగాలో ఆమ్లం లేని కాగితాన్ని కొలిచి కత్తిరించి పెట్టండి. పెట్టకపోతే పేజీ తిప్పినప్పుడల్లా ఆర్యభట ఒక మూలకి జారి, ఆ మూల మడత పడుతుంది.